చవర ఇసుక ఎవరి పక్షాన సాక్ష్యం?

కేరళలోని కొల్లం నుంచి ఉత్తరంగా జాతీయ రహదారి మీద వెళితే, అష్టముడి సరస్సు సముద్రంలో కలిసే నీండకర దగ్గర వంతెన వస్తుంది. అది దాటాక ఎడమ చేతివైపు ఊళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. కొబ్బరి చెట్లు, చర్చీలు, బళ్లు, చేపల బండ్లు, సముద్రానికి అడ్డంగా పేర్చిన బండరాళ్లు. అల వెనక్కి వెళ్లినచోట ఇసుక నల్లటి చారలుగా మెరుస్తుంది. నీండకర నుంచి పురక్కాడ్ దాకా సుమారు 55 కిలోమీటర్ల పొడవు, అర కిలోమీటరు వెడల్పు ఉన్న ఈ పట్టీ, ప్రపంచంలో సహజ రేడియేషన్ బాగా ఎక్కువగా ఉన్న జనావాసాల్లో ఒకటి. ఇరాన్‌లో రామ్‌సర్, బ్రెజిల్‌లో గ్వారపారి, చైనాలో యాంగ్‌జియాంగ్ కూడా ఈ కోవలోవే. మన దేశంలో రేడియేషన్ మీద ఎక్కడ వాదన జరిగినా, అది ఆసుపత్రి స్కాన్ గురించైనా, గని గురించైనా, అణు విద్యుత్ కేంద్రం గురించైనా, ఎవరో ఒకరు ఈ తీరాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. కేరళలో జనం తరతరాలుగా బతకడం లేదా అంటారు. ఆ సాక్ష్యం దేనికి చెల్లుతుందో, దేనికి చెల్లదో తేల్చుకోవాలనే నేను ఈ పట్టీలోని చవర, కరునాగప్పళ్లి ప్రాంతానికి వెళ్లాను.

ఇక్కడ ముందుగా పొరబడేది కన్నే. నల్లగా కనిపించే గింజల్లో రేడియోధార్మికత పెద్దగా లేదు. ఆ నలుపు ఇల్మనైట్‌ది. తెల్ల రంగుల తయారీకి వాడే టైటానియం అందులో దొరుకుతుంది. రేడియేషన్ వచ్చేది తేనె రంగులో, ఇసుకలో చిన్న వాటాగా కలిసిపోయి ఉన్న మోనజైట్ గింజల నుంచి. వాటిలో 8 నుంచి 10 శాతం దాకా థోరియం ఆక్సైడ్, కొద్దిగా యురేనియం ఉంటాయి. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువితాంకూరు నుంచి ఎగుమతైన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో ఈ ఖనిజాన్ని గుర్తించాడు. అప్పట్లో గ్యాస్ దీపాల మాంటిల్స్‌కు థోరియం కావాలి కాబట్టి యూరప్ కన్ను ఈ తీరం మీద పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది. 1962 నాటి అణుశక్తి చట్టం మోనజైట్‌ను ప్రభుత్వ నియంత్రణలో ఉంచింది. కేరళ ప్రభుత్వ సంస్థ కేఎంఎంఎల్ కూడా ఇక్కడే ఇసుక తవ్వి టైటానియం తీస్తుంది.

నేల నుంచి, గోడల నుంచి ఒంటికి తగిలే గామా కిరణాల మోతాదు ప్రపంచ సగటున ఏడాదికి అర మిల్లీ గ్రే (గ్రే అంటే ఒంట్లో చేరిన రేడియేషన్‌కు కొలమానం) ఉంటుంది. ఈ తీరం ఊళ్లలో ఆరుబయట నాలుగు మిల్లీ గ్రేలు దాటిన ఇళ్లు సగానికి పైగా ఉన్నాయి. కొన్ని చోట్ల 70 దాకా కొలిచారు. పక్కపక్క ఇళ్లలోనే అంకె మారిపోతుంది. పెరట్లో ఏ ఇసుక పోశారు, గచ్చు సిమెంటుదా, ఇటుక ఎక్కడి నుంచి తెచ్చారు, ఇంట్లోవాళ్లు ఎన్ని గంటలు లోపల ఉంటారు అన్నవాటిని బట్టి మోతాదు మారుతుంది. అందుకే తిరువనంతపురం రీజనల్ కేన్సర్ సెంటర్ 1990లో కరునాగప్పళ్లి తాలూకాలో కేన్సర్ నమోదు మొదలుపెట్టి, ఆ తర్వాతి ఏళ్లలో ఇల్లిల్లూ తిరిగి లోపలా బయటా రేడియేషన్ కొలిచింది. బీడీ, సిగరెట్, చదువు, వృత్తి వివరాలు కూడా రాసుకున్నారు. ఇలాంటి చాకిరీకి మన దేశంలో పేరు రాదు గానీ, రేడియేషన్ మీద ప్రపంచమంతా ఉదహరించే సమాచారం దీని నుంచే పుట్టింది.

ఫలితం 2009లో వెలువడింది. 30 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 69,958 మందిని సగటున పదేళ్లకు పైగా గమనించారు. 2005 చివరికి వారిలో 1,379 కేన్సర్లు నమోదయ్యాయి. మోతాదు పెరిగినకొద్దీ కేన్సర్ పెరిగిన జాడ కనబడలేదు. రక్త కేన్సర్లను మినహాయించి ఒక గ్రేకు ఎంత అదనపు ముప్పు అని లెక్కకడితే సున్నాకు కాస్త కిందనే, మైనస్ 13 శాతం, వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ఈ ఊళ్లవాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి పోవలసిన పని లేదని ఈ అధ్యయనం గట్టిగానే చెబుతోంది. రేడియేషన్ పేరు చెప్పి పుట్టించే భయానికి కూడా మూల్యం ఉంటుంది. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాడుబడిన ఆసుపత్రి యంత్రం నుంచి సీజియం బయటపడి నలుగురు చనిపోయినప్పుడు లక్షా పన్నెండు వేల మందిని స్టేడియంలో పరీక్షించాల్సి వచ్చింది. వారిలో నిజంగా కలుషితమైనవారు 249 మంది. కొలత లేని చోట భయానికి హద్దు ఉండదు.

అయితే ఆ మైనస్ 13 శాతం పక్కనే ఇంకో రెండు అంకెలున్నాయి, వాదనకు దిగేవాళ్లు వాటిని చదవరు. గణాంకాల అనిశ్చితిని కలుపుకుంటే అసలు విలువ ఒక గ్రేకు 58 శాతం తగ్గుదల నుంచి 46 శాతం పెరుగుదల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అంటే ఈ లెక్క పెద్ద ముప్పును తోసిపుచ్చింది గానీ చిన్న ముప్పును తోసిపుచ్చలేదు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో అణు పరిశ్రమల్లో పనిచేసిన 3,09,932 మందిని దశాబ్దాలపాటు గమనించి 2023లో వెలువరించిన ఫలితం, ఒక గ్రేకు గట్టి కణితుల కేన్సర్ మరణాలు 52 శాతం పెరుగుతాయని చెప్పింది. దాని హద్దులు 27 నుంచి 77. కేరళ లెక్క కొత్తగా వచ్చిన కేన్సర్లది, ఇది మరణాలది, హద్దులు కట్టిన పద్ధతిలోనూ తేడా ఉంది. అయినా పక్కపక్కన పెడితే 27కీ 46కీ మధ్య రెండూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. కాబట్టి ఒకటి నిజం, రెండోది అబద్ధం అనడానికి వీల్లేదు. పైగా ఆ కార్మికుల సగటు మోతాదు సుమారు 20 మిల్లీ గ్రేలే. 52 శాతాన్ని ఆ మోతాదుకు కుదిస్తే ఒక్క శాతం పెరుగుదల మాత్రమే వస్తుంది. అంత సన్నటి తేడా కరునాగప్పళ్లి అంత జనాభాలో కంటికి ఆనదు. ఇలా మాట్లాడితే సున్నా ముప్పును ఎప్పటికీ నిరూపించలేం కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, నిరూపించలేం. నా అభ్యంతరం కనబడని ముప్పును లేని ముప్పుగా చదవడం గురించే.

పుట్టుకల సంగతిలోనూ ఇదే చిక్కు. 1976లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన ఇక్కడ డౌన్ సిండ్రోమ్ ఎక్కువని చెప్పి కలకలం రేపింది. పోల్చడానికి ఎంచుకున్న ఊళ్లలో అసలు ఒక్క కేసూ లేకపోవడమే అనుమానాస్పదమని తర్వాత విమర్శ వచ్చింది. భాభా అణు పరిశోధనా కేంద్రం వాళ్లు కొల్లంలో ప్రయోగశాల పెట్టి 1995 నుంచి 1,40,000కు పైగా నవజాత శిశువులను పరీక్షిస్తే, రేడియేషన్ ఎక్కువున్న ఊళ్లకూ లేని ఊళ్లకూ అవకరాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరోవైపు 2002లో ఒక జర్మన్ బృందం, తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏలో ఈ తీరం కుటుంబాల్లో మార్పులు ఎక్కువగా ఉన్నాయని తేల్చింది. మార్పు జరిగిందంటే జబ్బు వచ్చినట్టు కాదు. జబ్బు రాలేదంటే ఒంట్లో ఏమీ జరగలేదనీ కాదు.

అసలు ఈ తీరాన్ని ఇంకెక్కడికో మోసుకుపోయి చూపించడానికి అడ్డువచ్చేది గణాంకాల కంటే థోరియం స్వభావమే. థోరియం క్షీణిస్తూ థోరాన్ అనే వాయువును వదులుతుంది. దాని సగం ఆయుష్షు 56 సెకన్లు. సముద్రపు గాలి వీచే ఆరుబయట అది పోగుపడదు. అదే గాలి ఆడని షెడ్డులో మోనజైట్ బస్తాలు పేర్చి ఉంటే, దాని నుంచి పుట్టే కణాలు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇక థోరియమే నేరుగా ఒంట్లోకి పోతే ఏమవుతుందో వైద్యశాస్త్రానికి చేదు అనుభవం ఉంది. ఎక్స్‌రేలో రక్తనాళాలు స్పష్టంగా కనబడటానికి 1930ల నుంచి 1950ల దాకా థోరోట్రాస్ట్ అనే థోరియం ఆక్సైడ్ ద్రవాన్ని రోగుల నరాల్లోకి ఎక్కించారు. బొమ్మలు చక్కగా వచ్చాయి. ఎక్కించిన వెంటనే పెద్దగా ఇబ్బందులేవీ కనబడలేదు కూడా. అది కాలేయంలో, ప్లీహంలో చేరి మళ్లీ బయటికి రాలేదు. ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత జర్మనీ, డెన్మార్క్, పోర్చుగల్, జపాన్ దేశాల్లో ఆ రోగులను గమనిస్తే కాలేయ కేన్సర్లు మామూలు కంటే ఎన్నో రెట్లు బయటపడ్డాయి. చవర ఒడ్డున పాదాల కింద ఉన్నదీ ఆ రోగుల కాలేయంలో చేరిందీ ఒకే మూలకం. థోరియం ప్రధానంగా వదిలే ఆల్ఫా కణాలను చర్మం ఆపేస్తుంది, కాలేయ కణాలకు ఆ రక్షణ లేదు.

తవ్వకాల సంస్థల తరఫున ఇక్కడ బలమైన వాదన ఒకటి వినిపిస్తుంది. ఇసుక తవ్వి, మోనజైట్ వేరుచేసి, మిగిలిన ఇసుకతో గుంత పూడిస్తే ఆ నేలలో రేడియేషన్ తగ్గుతుంది, కాబట్టి తవ్వకం ఊరికి మేలే చేస్తుందని. పూడ్చిన నేల వరకు ఇది నిజం. కానీ తీసిన మోనజైట్ మాయమైపోదు. ఇసుకలో చెల్లాచెదురుగా ఉన్నది అయస్కాంతాలతో, విద్యుత్ యంత్రాలతో వేరుపడి గుట్టగా మారుతుంది. ఊరంతా కొద్దికొద్దిగా పంచుకున్న మోతాదు ఆ గుట్ట దగ్గర పనిచేసే కొద్దిమంది మీదికి మళ్లుతుంది. దీన్ని అదుపు చేయలేమని నేననను. మన దేశంలో రేడియేషన్ పనివాడి పరిమితి ఐదేళ్లకు 100 మిల్లీ సీవర్ట్‌లు (గామా కిరణాల విషయంలో ఇది ఇంచుమించు మిల్లీ గ్రేతో సమానం), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఛాతీకి తగిలించుకునే, మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జిని మూడు నెలలకోసారి చూసి అతని ఖాతాలో రాస్తారు. అదుపంటే ఇదే. బస్తాలు మోసే దినకూలీ, షెడ్డు ఊడ్చే మనిషి, లారీ క్లీనర్ ఆ ఖాతాల్లో ఉన్నారా లేదా అని అడగకుండా, కేరళలో ఎవరికీ ఏమీ కాలేదన్న మాట ఫ్యాక్టరీ గేటు లోపల చెల్లదు.

ఈ మాట ఆసుపత్రిలో మరింత సులువుగా దొర్లుతుంది. పొట్టకు తీసే ఒక సీటీ స్కాన్ ఇంచుమించు 8 నుంచి 10 మిల్లీ సీవర్ట్‌లు, ఈ తీరంలో రెండేళ్లు ఉన్నంత. కాబట్టి భయం లేదు అంటారు. ఏడాదంతా పడే తుంపర, గంటలో కురిసే కుండపోత కొలతలో ఒకటే కావచ్చు, చెరువు కట్టకు మాత్రం ఒకటి కాదు. కణాలు దెబ్బను బాగుచేసుకోవడానికి వ్యవధి కావాలి. పైగా కరునాగప్పళ్లి కేన్సర్ లెక్క 30 ఏళ్లు దాటినవాళ్లది, స్కాన్ టేబుల్ మీద పసిపిల్లలు కూడా పడుకుంటారు. యూరప్‌లో 22 ఏళ్లలోపు సీటీ తీయించుకున్న సుమారు 9.5 లక్షల మంది మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఇప్పటి మోతాదులతో 10 వేల మంది పిల్లలకు స్కాన్ తీస్తే, తర్వాతి పన్నెండేళ్లలో ఒకరికో ఇద్దరికో దాని వల్ల రక్త కేన్సర్ రావచ్చని అది అంచనా వేసింది. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన బిడ్డకు ఆ ముప్పు లెక్కలోకే రాదు, స్కాన్ తీయాల్సిందే. అల్ట్రాసౌండ్‌తో తేలిపోయే కడుపు నొప్పికి, నెల కిందటి స్కాన్ చేతిలో ఉండగా ఇంకో ఆసుపత్రి మళ్లీ తీయించినప్పుడు మాత్రం ఆ ఒకరిద్దరు లెక్కలోకి వస్తారు. రోగికి మోతాదు పరిమితి లేదు. వైద్యుడి విచక్షణే పరిమితి. అందుకే కేరళ పోలిక అక్కడ మరీ ప్రమాదకరం.

సామాన్య జనానికి పరిమితి ఏడాదికి ఒక మిల్లీ సీవర్ట్. చవరలో నేల ఇచ్చేదే అంతకు నాలుగు రెట్లుంటే ఇక ఆ చట్టానికి అర్థమేమిటని చాలామంది నవ్వుతారు. అర్థం ఉంది. నేల ఇచ్చినదాన్ని ఆ పరిమితి లెక్కలోకి తీసుకోదు, ఎవరో లాభం కోసమో సౌకర్యం కోసమో అదనంగా చేర్చినదాన్నే తీసుకుంటుంది. సముద్రానికి నోటీసు ఇవ్వలేం, ఫ్యాక్టరీకి ఇవ్వగలం. ఒక్కటి దాటితే జబ్బు చేస్తుందని దాని భావం కాదు. దాటితే జవాబు చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడని.

ఇదే తీరంలోని ఆలప్పాడ్ వైపు వెళితే మాత్రం రేడియేషన్ ఊసు ఎవరూ ఎత్తరు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కాలువ, మధ్యలో నాలుగడుగుల నేల అన్నట్టుండే పంచాయతీ అది. 2004 సునామీకి బాగా దెబ్బతింది. 2018, 2019 సంవత్సరాల్లో అక్కడ జరిగిన ఉద్యమం తవ్వకాల వల్ల నేల కోసుకుపోతోందని. వాళ్ల భయం వాళ్ల ప్రాధాన్యాన్ని బట్టి ఉంది, అది అసమంజసమూ కాదు.

దేశంలో గుర్తించిన మోనజైట్ నిల్వల్లో, రాష్ట్రాలవారీగా చూస్తే, ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం మీదుగా కిందికి మత్స్యకార గ్రామాల పక్కనే ఆ ఇసుక ఉంది. తీర ఖనిజాల తవ్వకం మాట ఎత్తినప్పుడల్లా అక్కడ కూడా కేరళ పేరు రెండు వైపుల నుంచీ వినబడుతుంది. కేన్సర్లు వస్తాయని ఒకరు, కేరళలో రాలేదని మరొకరు. కరునాగప్పళ్లిలో 1990లో మొదలుపెట్టినలాంటి పనిని మాత్రం ఎవరూ అడగరు. ఇక్కడ అడగాల్సింది, తవ్వకానికి ముందే ఇంటింటి కొలత, తాలూకా మొత్తానికి కేన్సర్ నమోదు, బావి నీటి పరీక్ష, పనిలోకి వచ్చే ప్రతి కూలీకి బ్యాడ్జి, ఆ వివరాలు పంచాయతీ ఆఫీసులో తెలుగులో కనబడటం. యంత్రాలు దిగాక వీటిని మొదలుపెడితే పదేళ్ల తర్వాత వచ్చే ఏ అంకెనైనా పోల్చి చూడటానికి దాని ముందు అంకె ఉండదు.