నీలం తిరిగిన చిత్రిక బ్లేడు

మీలో కొంతమంది ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు తీసుకున్నారని తెలిసి ఇది రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము ముగ్గురం. పాడేరు ఏజెన్సీలో ఒకే పంచాయతీ వాళ్లం, కింద టౌన్లో ఒకే రూము. వర్క్‌షాపులో ఎనిమిదిమందికి ఒక చిత్రిక. మా వంతు వచ్చేసరికి బ్లేడు మొద్దుబారిపోయి ఉండేది. తోస్తే పొట్టు రాదు, పీచు లేస్తది. ఒకాయన చూసి, "మీవోళ్లకి గొడ్డలి పనే సరిపోద్దిరా" అన్నాడు నవ్వుతా. మేమూ నవ్వేశాం. ఆ రాత్రి రూములో అన్నం మాత్రం సరిగా దిగలేదు.

తలా కొంత వేసుకుని పాత ఇనుము కొట్లో 350 రూపాయలకి ఇనప చిత్రిక ఒకటి కొన్నాం. తుప్పు పట్టింది, బ్లేడు అంచుకి రెండు గంట్లు. అయినా మాది.

సంక్రాంతి సెలవులకి దాన్ని ఊరికి పట్టుకెళ్లాం. మాలో ఒకరింట్లో గాలివానకి పడిపోయిన పనస చెట్టుని కోయించిన పలకలు రెండేళ్లుగా అటక మీద ఆరుతున్నాయి. ముందు గదికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీసి ఉంది. మైదానం నుంచి వచ్చే వడ్రంగి మేస్త్రి అడిగే కూలి వాళ్లవల్ల కాదు. "పిల్లలు అదే చదువు చదువుతున్నారు కదా, ఆళ్లే చేస్తారు" అని వాళ్ల నాయన ఊరంతా చెప్పేశాడు. ఉన్నవి నాలుగే పలకలు. ఒకటి పాడైతే మళ్లీ పనస చెట్టు పడాలి.

మాకు పదును పెట్టడం కొత్తా? గెడ్డ ఒడ్డున రాయి ఉంది, మా తాతలనాటి నుంచి కత్తులూ గొడ్డళ్లూ అక్కడే నూరుతున్నారు. మేమూ బ్లేడు అక్కడే నూరాం. చెయ్యి మీద వెంట్రుకలు తెగాయి, సంబరపడ్డాం. పలక మీద తోస్తే నడుమ మాత్రం తెగుతోంది, రెండు పక్కలా ఆనడమే లేదు. పది తోపులకి పలకలో కాలవ పడింది. తాత వచ్చి బ్లేడుని ఎండకెత్తి ఒక కన్ను మూసి చూశాడు. "రాయికి గుంట ఉంది కదరా. కత్తికి ఆ గుంటే మంచిది, కత్తికి బొజ్జ ఉండాల. దీనికి బొజ్జ ఉంటే ఎలగ?" అన్నాడు. తాత జన్మలో చిత్రిక పట్టినోడు కాదు. మేము ఆరునెల్లు ట్రేడు చదివి కనిపెట్టలేనిది ఆయన ఒక్క చూపులో చెప్పేశాడు.

సరే అని టౌన్‌కి దిగి వెల్డింగు షాపులో కరెంటు చక్రం మీద పట్టించాం. ఇరవై రూపాయలు. నిప్పురవ్వలు ఎగిరిపడుతుంటే మాకు ముచ్చటేసింది కూడా. తీసి చూస్తే అంచంతా నీలం తిరిగిపోయింది. అదేదో మెరుపు అనుకున్నాం. రెండు గజాలు తోసేసరికి అంచు మడతపడింది. ఉక్కు అంతలా వేడెక్కితే దానికున్న గట్టితనం పోతుంది, ఎంత నూరినా పదును నిలవదు. నీలం ఉన్నంతమేర తీసెయ్యడమే దారి.

మళ్లీ అదే షాపుకెళ్లి, ఈసారి చెంబుతో నీళ్లు పక్కన పెట్టుకుని మేమే పట్టాం. రెండు క్షణాలు ఆనించడం, నీళ్లలో ముంచడం. చేతికి గుడ్డ చుట్టుకోకండి. అంచు పక్కన వేలు ఉంచితే, వేలు ఓర్చుకోలేని వేడి వచ్చిందంటే ఆపాలని తెలుస్తుంది. నీలం పోయేసరికి పొద్దు గూకింది. షాపాయన విసుక్కున్నా డబ్బులు మాత్రం తీసుకోలేదు.

ఇక అసలు పదును. వజ్రపు సాన, విదేశీ సానరాళ్లు వీడియోల్లో చూసి మీరు బెంగపడొద్దు. కావలసింది ఖరీదైన రాయి కాదు, చదునైన రాయి. చదునంటే అద్దం. అద్దాల షాపులో మిగిలిన మందపాటి ముక్క ఊరికే ఇచ్చారు. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపరు 220, 400, 800, 1500 నంబర్లు తలా ఒకటి. మాకు 80 రూపాయలైంది. ఒక్కో కాగితాన్ని మూడు పట్టీలుగా కోసి, తడిపి అద్దం మీద పరిస్తే అదే అతుక్కుంటుంది.

ముందు వీపు. బ్లేడు చదునుగా ఉండే వైపు అంచు దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా మెరవాలి. దీనికే ఎక్కువ టైము పడుతుంది, ఒక్కసారి చేస్తే చాలు. మేము ఇది వదిలేసి వారం పోగొట్టుకున్నాం.

తర్వాత ఏటవాలు. కోణమాపిని అక్కర్లేదు. బ్లేడు మందానికి రెట్టింపు ఏటవాలు పొడవు ఉంటే 30 డిగ్రీలు వచ్చినట్టే. మా బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు, ఏటవాలు 4. చేత్తో పడితే కోణం ఊగుతుంది కాబట్టి, సిల్వర్ ఓక్ ముక్కని అదే వాలుకి కోసి, దాని మీద బ్లేడుని సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కట్టాం. చెక్క అద్దం మీద జారుతుంది, అంచు కాగితం మీద. వెనక్కి లాగడమే, ముందుకి తోస్తే కాగితం చిరుగుతుంది. ఏటవాలుకి నల్ల మార్కరు పూసి నాలుగుసార్లు లాగి చూడండి. నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ ఆనడం లేదన్నమాట.

వీపు వైపు బొటనవేలుతో అంచు నుంచి బయటకి మెల్లగా రాస్తే సన్నటి గరుకు తగులుతుంది. అది అంచు పొడవునా తగిలేదాకా పై నంబరుకి పోవద్దు. మాలో ఒకడికి తొందరెక్కువ, వాడి బ్లేడు మూల ఎప్పుడూ మొద్దే. (వాడే ఇది టైపు చేస్తున్నాడు.) చివర్లో వీపుని 1500 మీద ఆనించి ఆ గరుకు తీసేసి, పాత బెల్టు తోలు గరుకు వైపు పది లాగులు లాగాలి. వెలుతురులో అంచుని సూటిగా చూడండి. తెల్లగీత కనిపిస్తే ఇంకా మొద్దే. పదునైన అంచు కంటికి కనపడదు.

ఎండాకాలం సెలవుల్లో మళ్లీ పలకలు దింపాం. పనసకి పీచు ఒక్క దిక్కున పోదు, అందుకని పై బ్లేడుని అంచుకి ఒక మిల్లీమీటరు దగ్గరికి జరిపి బిగించాం. మొదటి తోపుకి చిత్రిక నోట్లోంచి పొట్టు పసుపుపచ్చగా, పలక పొడవునా తెగకుండా చుట్టలు చుట్టుకుంటా వచ్చింది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాళ్లమ్మ ఆ పొట్టంతా చేటలోకి ఎత్తి పొయ్యి దగ్గర పెట్టుకుంది. తాత పలక మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి పోనిచ్చాడు, ఏమీ అనలేదు. కాలవ పడిన పలకని లోపలి వైపుకి తిప్పి వేశాం. చెయ్యి పెడితే ఇప్పటికీ తెలుస్తుంది.

తలుపు నిలబడింది, గోనెపట్టా పోయింది. వానలకి కింద కొంచెం ఉబ్బి గడపకి పట్టేస్తోందని నిన్న ఫోను వచ్చింది. దసరా సెలవులకి బ్లేడూ అద్దం ముక్కా పట్టుకుని పోతున్నాం. ఆ పక్క ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే మీ బ్లేడు కూడా తెచ్చుకోండి. వాటర్ పేపరు మా దగ్గర ఉంది.