తనంత తానే తొలగిపోవు సందేశము

దొరవారిసత్రము స్టేషనులో పాసింజరు బండి ఎంతసేపు ఆగునో మా విద్యార్థి మిత్రులకు చెప్పనక్కరలేదు. మూట దించుకొనులోపల కూత వినబడును. కంప్యూటరు తెరమీద వెలసి, చదువులోపలనే మాయమగు చిన్న సందేశములును ఇట్టివే.

ఆండ్రాయిడు ఫోనులలో వీనికి టోస్టు అని పేరు. అందు కాలపు కొలతలు రెండే: 2 సెకండ్లు, 3.5 సెకండ్లు. వెబ్ పుటలో అట్టి కట్టుబాటు లేదు. జావాస్క్రిప్టులో సెట్‌టైమవుట్ అను ఆజ్ఞకు 3000 మిల్లీసెకండ్లని చెప్పినచో, 3 సెకండ్లకు సందేశము తొలగును. ఆ అంకెను నిర్ణయించువాడు పుటను వ్రాసినవాడే, చదువువానిని అడుగువారెవరు?

ఒకనాడు ఉపకారవేతనపు దరఖాస్తునొకదానిని మా మిత్రుని తల్లిగారి ఎదుట కంప్యూటరులో పంపితిమి. "అందినది" అను మాటయు, దాని క్రింద దరఖాస్తు సంఖ్యయు పచ్చని పెట్టెలో మెరసి మరుగైనవి. ఉర్దూ తప్ప వేరొక లిపి ఎరుగని ఆమె, "క్యా లిఖా థా, బేటా?" అని అడిగినారు. మాలో ఒక్కరును ఆ సంఖ్యను పూర్తిగా చూడలేదు.

అటుపిమ్మట మేమే అభ్యాసార్థము రెండు భాషలలో ఒక పుటను వ్రాసికొంటిమి. పెట్టెను పారదర్శకము చేసినంత మాత్రమున అది పోదు. కనబడకయే క్రింది బొత్తాములను కప్పి కూర్చుండును. కనుక దానిని పుటనుండియే తీసివేయవలయును. మౌసు దానిపై నున్నంతసేపు క్లియర్‌టైమవుట్ చేత గడియారమును ఆపవలయును. ఉర్దూ పంక్తి కుడినుండి ఎడమకు సాగును గనుక, మూసివేయు గుర్తు ఎడమ కొసన నుండుట సహజము. చూపులేనివారికి చదివి వినిపించు సాధనము గుర్తించుటకై పెట్టెకు స్టేటస్ అను లక్షణమును ముందుగానే చేర్చవలయును. కాలపరిమితిని ఆపుటకో, పెంచుటకో చదువరికి వీలుండవలెనని 2008లో వెలువడిన డబ్ల్యు.సి.ఎ.జి. 2.0 సూత్రములును చెప్పినవి.

తుపానుల తీరమున నివసించు మనకు ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. 2023లో దేశమున పరీక్షింపబడిన సెల్ బ్రాడ్‌కాస్టు హెచ్చరిక పెద్ద ధ్వనితో ఫోను తెరపై నిలిచి, మనము నొక్కువరకు కదలలేదు. విసుగుకొన్నవారు కలరు, మాకు మాత్రము అదియే మర్యాదగా తోచినది.

మా పుటలో "భద్రపరచబడినది" వంటి మాటలు 8 సెకండ్లుండి తొలగును. దరఖాస్తు సంఖ్యకును, తప్పును తెలుపు మాటకును మేము గడియారమే పెట్టలేదు.