యాష్ లేని పోకెమాన్

టీవీ సీరియల్ అయిపోతే పెద్దవాళ్లు రెండ్రోజులు దాని గురించే మాట్లాడుకుని మూడోరోజు ఇంకోటి మొదలుపెడతారు. చిన్నప్పుడు ఇష్టపడ్డ కార్టూన్ అయిపోయిందంటే మాత్రం ముప్ఫై దాటాక కూడా మనసొప్పదు. బాన్సువాడలో అలాంటి తండ్రి ఒకాయన ఉన్నాడు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో పోకెమాన్ వచ్చేనాటికి ఆయనది బడికెళ్లే వయసు. మాటలన్నీ హిందీలోనే. అప్పట్లో బాన్సువాడ ఉన్న నిజామాబాద్ జిల్లా పిల్లలకు అదో అడ్డంకా? బజార్లో సగం మాటలు ఉర్దూవే మరి! కరెంటు పోతే తప్ప టీవీ ముందు నుంచి కదిలేవారు కాదు. ప్యాకెట్లో వచ్చే పోకెమాన్ బిళ్లల కోసమే చిప్స్ కొనిపించుకున్నవాళ్లకు లెక్కలేదు.

ఇప్పుడాయన కూతురు చూసేది 'పోకెమాన్ హొరైజన్స్'. 2024లో హంగామా చానల్లో తెలుగులోనే వచ్చింది. కానీ అందులో యాష్ లేడు. జపాన్‌లో 1997 ఏప్రిల్‌లో ఇల్లు వదిలి బయల్దేరిన ఆ పదేళ్ల పిల్లాడి ప్రయాణం పాతికేళ్లు సాగింది. (అన్నేళ్లయినా వాడికి పదేళ్లే!) ఎన్నోసార్లు ఓడి, చివరికి 2022 నవంబరులో ప్రపంచ విజేతయ్యాడు. 2023 మార్చిలో సెలవు తీసుకున్నాడు. మరుసటి నెలలోనే లికో అనే బెరుకు పిల్ల, రాయ్ అనే కుర్రాడు ఆ చోటికి వచ్చారు.

''యాష్ లేకుంటే అదేం పోకెమాన్?'' అని తండ్రి.

''యాష్ గెలిచిండు గద డాడీ, ఇంకేం చేస్తడు?'' అని కూతురు.

సీక్వెల్ తీసేవాళ్లను తిప్పలుపెట్టే ప్రశ్న సరిగ్గా ఇదే. 1996లో 'డ్రాగన్ బాల్ జెడ్' ముగియగానే 'జీటీ' తీశారు. గోకు అప్పటికే అందర్నీ ఓడించేశాడు. ఏం చేయాలో తోచక అతణ్ని మళ్లీ చిన్నపిల్లాణ్ని చేశారు. అసలు బొమ్మల కథ రాసిన అకిరా తోరియామా 1995లోనే దాన్ని ముగించారు, ఇది ఆయన రాసిన కథ కాదు. 64 భాగాలకు 1997లో ఆగిపోయింది. 2015లో ఆయనే కథ అందించిన 'సూపర్' 131 భాగాలు నడిచింది. విచిత్రమేమిటంటే, తోరియామా 2024 మార్చిలో కన్నుమూశాక వచ్చిన 'డైమా'లోనూ గోకు చిన్నపిల్లాడే. కాకపోతే ఆ కథ ఆయనది. అంటే తప్పు హీరోని కుదించడంలో లేదు, చెప్పడానికి కథ మిగల్లేదని తెలిసీ అభిమానాన్ని నమ్ముకుని లాగడంలో ఉంది.

ఆ లెక్కన యాష్‌ను సాగనంపడమే మంచిదైంది. లికోకు మొదట్లో తానేం కావాలో కూడా తెలియదు. చూసే పిల్లలకూ తెలియదు కాబట్టి ఆమె వెంట నడుస్తారు. విజేత వెనక నడవడానికి ఏముంటుంది?

పాతవాళ్లకు ఒక్కటి మిగిల్చారు. టోపీ పెట్టుకున్న కెప్టెన్ పికాచు. అది యాష్‌ది కాదు, వేరే పికాచు. కానీ గొంతు మాత్రం 1997 నుంచీ పికాచుకు గొంతునిస్తున్న ఇకుయే ఓతానిదే. బాన్సువాడ తండ్రి ఆ గొంతు వినబడితే చేతిలో పని ఆపి టీవీ ముందుకొస్తున్నాడు. ఆ పికాచు ఎవరితో ఉంటుందో, ఓడ గాల్లో ఎలా ఎగురుతుందో కూతురు చెబుతోంది. మధ్యలో యాష్ పేరెత్తితే ''ఆగు డాడీ, కథ పోతది'' అంటోంది.