పద్నాలుగు అంకెల వాయిద్యం

వీణ చెయ్యాలంటే పనసచెక్క కావాలి. బీబీసీ మైక్రోలో వాయిద్యం చెయ్యడానికి పద్నాలుగు అంకెలు చాలు. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో తెచ్చిన ఆ కంప్యూటర్ బ్రిటన్ బడుల్లో ఇంటింటి చుట్టంలా తిరిగింది. దాని బేసిక్ భాషలో ఎన్వలప్ అని ఒక ఆజ్ఞ ఉండేది. ఆ ఆజ్ఞ వెనక రాసే పద్నాలుగు అంకెల్లో మొదటిది వాయిద్యానికి మనం పెట్టుకునే వరస సంఖ్య, రెండోది ఒక్కో అడుగు సెకనులో ఎన్ని వందోవంతులు నడవాలో చెప్పే లెక్క. తర్వాతి ఆరు శ్రుతి ఎలా ఊగాలో, చివరి ఆరు శబ్దం ఎలా లేచి ఎలా అణగాలో చెబుతాయి. లోపలి చిప్‌కు వచ్చిన విద్య నిజానికి చాలా తక్కువ. మూడు గొంతులు, మూడింటికీ ఒకే స్క్వేర్ వేవ్, పక్కన బుసకొట్టే నాలుగో గొంతు, బిగ్గరగా పలకడానికీ మెల్లగా పలకడానికీ కలిపి పదహారు మెట్లు. నాదం మార్చే దారి లేదు కాబట్టి గంటనూ పిల్లనగ్రోవినీ వేరుచేసేది కదలిక ఒక్కటే. కర్ణాటక సంగీతం అలవాటైన చెవికి ఇది వింతేమీ కాదు. అక్కడ గమకం మారితే రాగం మారిపోతుంది, ఇక్కడ వాయిద్యమే మారిపోతుంది.

ఇలాంటి అంకెల మూటనే చిప్‌ట్యూన్, అంటే ఇలాంటి శబ్దపు చిప్‌ల మీద పలికే సంగీతం, కట్టేవాళ్లు ప్యాచ్ అంటారు. ఈ ప్యాచ్‌లను నలుగురూ పంచుకోవడానికి ఒక ఉమ్మడి భాండారం కట్టాలనుకుంటే, అందులో దాచవలసింది ధ్వనిని కాదు, ధ్వనిని పుట్టించిన అంకెలను అని నా వాదన. దీనికి మంచి సాక్ష్యం రాబ్ హబ్బర్డ్. బ్రిటన్‌లోని హల్ నగరంలో పుట్టిన ఈ సంగీతకారుడు 1985లో కమడోర్ 64 కంప్యూటర్ మీద 'మాంటీ ఆన్ ది రన్' ఆటకు సంగీతం కట్టాడు. పాట వాయించే ప్రోగ్రామును కూడా అసెంబ్లీ భాషలో తానే రాసుకున్నాడు. తర్వాత అభిమానులు దాన్ని విప్పి చూస్తే ఒక్కో వాయిద్యానికి ఎనిమిది బైట్లే కనిపించాయి. పల్స్ ఎంత వెడల్పు, ఏ తరంగం, శబ్దం ఎంత త్వరగా లేవాలి, ఎంతసేపట్లో ఆరాలి, కంపనం ఎంత లోతు అన్నవన్నీ ఆ ఎనిమిదిలోనే ఇమిడాయి. పాట వెయ్యిసార్లు విన్నవాడికి కూడా అందని రహస్యం ఆ పట్టిక ఒకసారి చూసినవాడికి అందుతుంది. అదే కాలంలో 'ఏకార్న్ యూజర్' వంటి పత్రికలు ప్రోగ్రాములను అచ్చువేస్తే పాఠకులు వాటిని ఇంట్లో వరసగా టైపు చేసుకునేవారు. అలా కొట్టేటప్పుడు ఒక్క అంకె తప్పితే గంట మోగాల్సిన చోట కప్ప అరుస్తుంది. కప్ప ఎందుకు అరిచిందో వెతుక్కోవడమే అసలు పాఠం. రికార్డింగు వినేవాడికి ఆ తప్పు చేసే అవకాశమూ లేదు, నేర్చుకునే అవకాశమూ లేదు.

అందరూ ఒకే కుప్పలోంచి వాయిద్యాలు తీసుకుంటే పాటలన్నీ ఒకేలా వినిపిస్తాయి కదా అనేవారున్నారు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 1987లో కార్స్టన్ ఒబార్స్కీ అమీగా కంప్యూటర్ కోసం 'అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్' తెచ్చాడు. దానితో పుట్టిన మాడ్యూల్ ఫైలులో పాటా వాయిద్యాలూ ఒకే సంచిలో ఉంటాయి. పాట తెరిచినవాడు వాయిద్యాన్ని జేబులో వేసుకోవచ్చు, వేసుకున్నారు కూడా. కొన్ని డ్రమ్ములు, కొన్ని తీగల మోతలు లెక్కలేనన్ని పాటల్లో తిరిగాయి. అయితే అక్కడ చేతులు మారింది ఏమిటో గమనించాలి. అది శాంపిల్, అంటే రికార్డు చేసి ముద్ద చేసిన శబ్దం. దాన్ని వేగంగా తిప్పొచ్చు, కత్తిరించొచ్చు, తిరగేసి వాయించొచ్చు. అది ఎలా తయారైందో మాత్రం అది చెప్పదు. ఎనిమిది బైట్ల పట్టికలో ఒక్క బైటు కదిపితే వేరే వాయిద్యం పుడుతుంది, ఎందుకు పుట్టిందో కూడా తెలుస్తుంది. కాబట్టి ఈ ఆక్షేపణ శబ్దాలు పంచుకోవడానికి తగులుతుంది, అంకెలు పంచుకోవడానికి అంతగా తగలదు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. అంకెలు అచ్చంగా అవే ఉన్నా శబ్దం అదే రాదు. కమడోర్ 64లో శబ్దం పుట్టించే సిడ్ చిప్ తొలి రకం, 6581, ఇందుకు పేరుపడింది. దాని ఫిల్టర్ ఒక చిప్‌లో ఉన్నట్టు మరో చిప్‌లో ఉండదు. యంత్రం నడిచే దేశం కూడా లెక్కలోకి వస్తుంది. బ్రిటన్ టీవీ తెర సెకనుకు 50 సార్లు మారుతుంది, అమెరికా తెర దాదాపు 60 సార్లు. పాట వాయించే ప్రోగ్రాములు చాలావరకు ఆ తెర తాళానికే నడిచేవి. బ్రిటన్‌లో కట్టిన వాయిద్యం అమెరికాలో పలికితే గమకాల వేగం ఐదో వంతు పెరుగుతుంది. చిప్ గడియారం కూడా అక్కడ కాస్త వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి శ్రుతి అర స్వరస్థానానికి పైగా పైకి జరుగుతుంది. ఇదంతా నిజమే. అయితే దీన్నిబట్టి అంకెలు దండగ అని తేలదు, పరిసరాలు చెప్పని అంకెలు చాలవని తేలుతుంది. కాగితం మీద గమకం ఎక్కదన్న మాట మన సంగీతానికీ కొత్త కాదు. అయినా సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు గుర్తులు నిర్ణయించి, ఏ గుర్తు ఎలా పలకాలో వివరించారు. గుర్తు గురువు కాలేదు. గురువు లేనిచోట ఆనవాలుగా మిగిలింది. ప్యాచ్ నుంచి ఆశించవలసిందీ అంతే.

ఇక సొంతదారు ఎవరన్న ప్రశ్న. బ్రిటన్‌లో 1988 నాటి కాపీరైట్ చట్టం పాటను కాపాడుతుంది. ఎనిమిది బైట్ల పట్టిక కూడా ఒక రచనేనా అని న్యాయవాదులు తీరిగ్గా వాదించుకోవచ్చు. భాండారం కట్టేవాళ్లు పట్టించుకోవలసిన చట్టం వేరే ఉంది. 1998 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న డేటాబేస్ నిబంధనల ప్రకారం, సమాచారాన్ని సేకరించడానికి, సరిచూడటానికి, అమర్చడానికి గణనీయంగా పెట్టుబడి పెట్టినవారికి ఆ సంకలనం మీద 15 ఏళ్ల హక్కు వస్తుంది. అంటే వందమంది తలా ఒక ప్యాచ్ ఇస్తే, మొత్తం కుప్ప మీద హక్కు దాన్ని పేర్చినవారి చేతికి చిక్కవచ్చు. దురుద్దేశం లేకపోయినా సరే, చట్టం చేసే పని చట్టం చేస్తుంది. అందుకే కట్టేవాళ్లు ఆ హక్కును మొదటి రోజే రాతపూర్వకంగా వదులుకోవాలి, ఇచ్చినవారి పేరు ప్యాచ్ నుంచి ఊడిపోకుండా చూడాలి. పేరు నిలబెట్టడం దానం చేసినవారికి కట్టే బాకీ.

ఇలా చూస్తే కట్టడం పెద్దదేమీ కాదు. అంకెలు సాదా అక్షరాల్లో ఉండాలి, ఏ ఒక్క ప్రోగ్రాముకో మాత్రమే అర్థమయ్యే మూటలో కాదు. ప్రతి ప్యాచ్ పక్కన ఏ చిప్, ఏ రకం, సెకనుకు 50 సార్లా 60 సార్లా, ఎవరు చేశారు, ఎవరి దాన్నుంచి మార్చారు అన్న గడులుండాలి. వినడానికి ఒక చిన్న రికార్డింగు పెడితే మంచిదే, అది అంకెలకు తోడుగా రావాలి గానీ వాటి చోటు తీసుకోకూడదు. ఇన్ని గడులు నింపమంటే చాలామంది ముందుకు రారని చివరి ఆక్షేపణ. రాకపోవచ్చు. వెయ్యి మూగ శబ్దాలకన్నా విప్పి చూసుకోగల వంద వాయిద్యాలు మేలు. గడులు ఖాళీగా వదిలి పంపిన ప్యాచ్ ఎంత తియ్యగా పలికినా, నింపి పంపమని వెనక్కి ఇచ్చేయడమే సబబు.