పానా అందించే పిల్లాడు, రెండు మెగాహెర్ట్జ్ బస్సు

మా హాస్టల్లో ర్యామ్ టాపిక్ మొదలైతే రాత్రి రెండింటి దాకా ఆగదు. ఎవడి లాప్‌టాప్‌ది ఎన్ని మెగాహెర్ట్జ్ అన్నదే గొప్ప. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో బస్సు, మెమరీ టైమింగ్ చదివాక నా మనసు మాత్రం ఇంకో కంప్యూటర్ మీదికి పోయింది. ఇంజన్‌ని నడిపే ఈసీయూ.

కారణం రావల్కోల్‌లో ఉండే మా మామ. బైక్ మెకానిక్. కార్బురేటర్ బండి సౌండ్ విని, స్క్రూ పావు చుట్టు తిప్పి ఐడ్లింగ్ సెట్ చేస్తాడు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. కొత్త బైకులన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. తిప్పడానికి ఆ స్క్రూ లేదు. "చెవి ఉండి ఏం ఫాయిదా రా, అంతా ఆ డబ్బాలనే ఉంది" అంటడు. షాపుకి గిరాకీ తగ్గిన మాట మాత్రం ఎత్తడు.

ఆ డబ్బా సంగతి చెప్పడానికి పాతదాన్నే తీసుకున్నా. ఇప్పటివాటిలో ప్రాసెసర్, మెమరీ ఒకే చిప్పులో ఉంటాయి, విడదీసి చూపడం కష్టం. జనరల్ మోటార్స్ పాత ఈసీయూల్లో మోటరోలా 68హెచ్‌సీ11 కుటుంబం ప్రాసెసర్లు ఉండేవి. 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే దాని బస్సు నడిచేది 2 మెగాహెర్ట్జ్ మీదే. మా హాస్టల్లో నవ్వుతారు! ఒక్కో సైకిల్ 500 నానోసెకన్లు. అడ్రస్ ఇచ్చిన దాదాపు 300 నానోసెకన్లలోపు ఈప్రామ్ డేటా పెట్టాలి. 200 నానోసెకన్ల చిప్పు సరిపోతుంది, 450ది సరిపోదు.

"అందిచ్చేటోడు లేటైతే జర ఆగొచ్చు కదా?" అన్నాడు మామ, పానాలు అందించే పిల్లాడి వైపు చూసి.

"ఇది ఆగదు మామా. టైముకి చెయ్యి చాపుతది, ఏది తగిలితే అదే పట్టుకుంటది." ఆగే పద్ధతి, అంటే వెయిట్ స్టేట్లు, కొత్త చిప్పుల్లో ఉంది. అక్కడ ప్రాసెసర్ వేగానికి ఫ్లాష్ మెమరీ అందుకోలేదు.

మరి 2 మెగాహెర్ట్జ్ చాలా? 6000 ఆర్పీఎం దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి సుమారు 28 మైక్రోసెకన్లు. అంటే 55 సైకిళ్లు. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి కొన్ని సైకిళ్లు పోతాయి కాబట్టి చేయగలిగేది తక్కువే. అందుకే స్పార్క్ టైము ముందే లెక్కేసి హార్డ్‌వేర్ టైమర్‌కి అప్పజెప్తారు. ఆ ఏర్పాటు నాకు మెగాహెర్ట్జ్ కన్నా తెలివైనదనిపించింది.

మామకి నచ్చింది ఇంకోటి. ఆ కాలం చిప్పులు వేడెక్కితే నెమ్మదిస్తాయి. అందుకే డేటాషీట్‌లో యాక్సెస్ టైము చల్లగా ఉన్నప్పటిది కాదు, వేడి హద్దు దాకా లెక్కేసి రాస్తారు. "ఐడ్లింగ్ గూడ ఇంజన్ వేడెక్కినంకనే సెట్ చెయ్యాలె. గిది నాకెర్కే" అన్నాడు. చాలా రోజులకి నవ్వాడు.

పోయిన నెల సెకండ్ హ్యాండ్ స్కానర్ కొన్నాడు. స్క్రీన్ మీద అంతా ఇంగ్లీషే. ప్రతి ఆదివారం నేను లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో రాసిస్తున్నా. పీ 0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. పీ 0201 అంటే ఒకటో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్. ఇప్పటికి మూడు పేజీలు అయ్యాయి.