తుపాకీ పైకి నిజం... లోపల అబద్ధం!

ఉత్తర స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో ఓ శ్మశానం ఉంది. దాదాపు అయిదువేల సమాధులు. ఒక్కదాంట్లోనూ శవం లేదు! అయినా ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. మధ్యలో ఉన్న గుండ్రటి రాతిచప్టా మీద నిలబడి, నడుం దగ్గర లేని తుపాకీ మీద చెయ్యి వేసి, కళ్లు చికిలించి ఫొటోలు దిగుతారు. కొందరైతే ఈలపాట కూడా అందుకుంటారు.

ఆ శ్మశానం పేరు శాడ్ హిల్. 1966లో దర్శకుడు సెర్జియో లియోనీ 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' పతాక సన్నివేశం కోసం వేయించిన సెట్టు అది. పలుగూ పారా పట్టింది స్పెయిన్ సైనికులు. క్లింట్ ఈస్ట్‌వుడ్, లీ వాన్ క్లీఫ్, ఎలీ వాలక్ ఆ చప్టా చుట్టూ తలోవైపు నిలబడి, ఎవరు ముందు తుపాకీ తీస్తారా అని ఒకరినొకరు చూసుకునేది ఇక్కడే. షూటింగ్ అయిపోయింది, యూనిట్ వెళ్లిపోయింది. గడ్డి మొలిచి చప్టా మట్టికింద కూరుకుపోయింది. 2015లో అభిమానులు పారలు పట్టుకుని వచ్చి, తవ్వి, ఆ రాళ్లను మళ్లీ పైకి తెచ్చారు. కొంత విరాళమిస్తే అక్కడి శిలువ మీద దాత పేరు రాస్తారు. బతికుండగా సమాధి మీద పేరంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు కొట్టినంత పనిచేస్తారుగానీ, అక్కడ మాత్రం ముచ్చటపడి మరీ రాయించుకుంటున్నారు.

బుర్గోస్ నగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే శాంటో డొమింగో డి సిలోస్ అనే ఊరొస్తుంది. అక్కడి మఠంలోని సన్యాసులు పాడిన ప్రార్థనగీతాల ఆల్బమ్ 1994లో ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఊరు దాటాక కొండల మధ్య మట్టిబాట. ఒకే ప్రయాణంలో ఇటు ప్రార్థనలు, అటు తుపాకులు!

శాడ్ హిల్‌కి వచ్చేవాళ్లలో ఓ రకం మనుషులు ప్రత్యేకం. వాళ్లు సినిమాని ఆపి ఆపి ఒక్కో ఫ్రేమూ చూస్తారు. 'ఈ తుపాకీ ఆ ఏడాదికి పుట్టనే లేదే' అని పట్టేస్తారు. లియోనీ సినిమా అంటే వాళ్లకు పండగే.

కథ జరిగేది 1862లో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా. ఈస్ట్‌వుడ్ చేతిలో ఉన్నది కోల్ట్ నేవీ రివాల్వర్, 1851 మోడల్. ఏడాది సరిపోయింది. ఎనిమిది పలకల గొట్టం, కింద మీట... ఆకారం కూడా అచ్చం అదే. మరి తప్పెక్కడ? అతని నడుంపట్టీ చూస్తే తెలుస్తుంది. వరసగా ఇత్తడి తూటాలు! అసలు 1851 కోల్ట్‌కి తూటాలతో పనే లేదు. తిరిగే చక్రంలోని ఒక్కో అరలో ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు పెట్టి, ఆ కిందున్న మీటతో దట్టించాలి. వెనకవైపు ఓ చిన్న టోపీ తొడగాలి. దీపావళికి పిల్లలు పేల్చే క్యాప్ చేసే పనే అదీ చేస్తుంది. ఇలా ఆరుసార్లు! వెనకనుంచి తూటా పెట్టేలా అరను ఆరపార తొలిచే పద్ధతికి పేటెంట్ స్మిత్ అండ్ వెసన్ చేతిలో ఉండేది. అది 1869లో ముగిసింది. కోల్ట్ కంపెనీ తన పాత రివాల్వర్లను తూటాలకు అనువుగా మార్చింది ఆ తరవాతే, 1870ల్లో. అంటే ఈస్ట్‌వుడ్ తుపాకీ కథకంటే పదేళ్లు ముందుంది.

దీనివల్ల కథలోనే ఓ చిక్కుంది. ముందురోజు రాత్రే వాలక్ తుపాకీ ఖాళీ చేసేశానని చివర్లో ఈస్ట్‌వుడ్ చెబుతాడు కదా... తూటాల తుపాకీ అయితే అది క్షణాల్లో పని. నిజమైన 1851 మోడల్‌లో దట్టించిన గుండ్లు పీకడం గగనం. అయితే అంత కష్టపడక్కర్లేదు, వెనకున్న ఆరు టోపీలూ లాగేస్తే చాలు!

ఈస్ట్‌వుడ్ దూరం నుంచి గురిచూసి ఉరితాడు తెంపే రైఫిల్‌దీ ఇదే వరస. హెన్రీ రైఫిల్‌కి 1860లో పేటెంట్ వచ్చింది కాబట్టి కాలం సరిపోతుంది. కానీ తెరమీద ఉన్నది హెన్రీ కాదు. 1866 వించెస్టర్‌కి నకలు తీసుకుని, గొట్టంకింది చెక్క ఊడదీసి హెన్రీ వేషం వేశారు. దొరికిపోయేదెక్కడంటే... పక్కన తూటాలు ఎక్కించే చిన్న తలుపు దగ్గర. హెన్రీకి ఆ తలుపు ఉండదు, దానికి ముందునుంచే ఎక్కించాలి.

హాలీవుడ్ వాళ్లు ఇంతమాత్రం వేషం కూడా వేసేవారు కాదు. జాన్ ఫోర్డ్ తీసిన 'ది సెర్చర్స్' (1956) కథ 1868లో మొదలవుతుంది. జాన్ వేన్ చేతుల్లో మాత్రం 1873 కోల్ట్, 1892 వించెస్టర్! టెక్సాస్ కథని ఆరిజోనా-యూటా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీలో తీసినాయనకి తుపాకీ ఓ లెక్కా! దీనికో వ్యాపార కారణమూ ఉంది. అయిదు రకాల తుపాకుల్లో పట్టే ఒకే ఉత్తుత్తి తూటా అప్పటికే హాలీవుడ్‌లో వాడుకలో ఉంది. రివాల్వర్‌కీ రైఫిల్‌కీ అదే. షూటింగ్ హడావుడిలో ఏది దేనికో వెతుక్కునే బాధ తప్పింది. దాంతో ఏ కాలం కథకైనా ఆ జంటే దిక్కయింది. ఇంకా పాత కథలైతే 1870ల నాటి సైనిక రైఫిళ్లకు పక్కన చెకుముకి బిగించి, వందేళ్ల కిందటి తుపాకులుగా చూపించిన సందర్భాలూ ఉన్నాయి.

మరి లియోనీకి ఆకారమైనా కుదిరిన తుపాకులు ఎక్కడివి? దానికి స్పెయిన్ వదిలి ఇటలీ వెళ్లాలి. బ్రెషా నగరానికి ఉత్తరాన వాల్ ట్రోంపియా అనే లోయ, అందులో గార్డోనె అనే ఊరు. అక్కడి బెరెట్టా కుటుంబం 1526లోనే వెనిస్‌కి 185 తుపాకీ గొట్టాలు అమ్మినట్టు రాతపూర్వక ఆధారం ఉంది. 1959లో ఆల్డో ఉబెర్టీ ఇదే ఊళ్లో పాత అమెరికన్ తుపాకుల నకళ్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. మొదటి నకలు 1851 కోల్ట్ నేవీయే. అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండుతుండటంతో అమెరికాలో వాటికి గిరాకీ వచ్చింది. ఆ వెంటనే కౌబాయ్ సినిమాలకీ ఇల్లు దగ్గర దుకాణం దొరికినట్టయింది. అయితే ఇవి ఆటబొమ్మలు కావు, నిజంగా పేల్చుకోవడానికి చేసినవి. అందుకే గార్డోనెలోని ప్రభుత్వ పరీక్షాకేంద్రంలో మామూలుకంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర వేస్తారు. తయారైన ఏడాదికీ ఓ సంకేతం ఉంటుంది. తుపాకీ కాలం తేల్చడానికి అదే జాతకచక్రం.

లియోనీ నిర్లక్ష్యపు మనిషేం కాదు. అంతర్యుద్ధం నాటి ఫొటోలు వెతికి మరీ సెట్లు వేయించాడు. తుపాకీ లోపలి సంగతి దగ్గర మాత్రం షూటింగ్ సౌకర్యానికే ఓటేశాడు. ప్రతి టేక్‌కీ ఆరుసార్లు మందు దట్టించాలంటే సినిమా ఎప్పటికయ్యేను?

మళ్లీ స్పెయిన్‌కే వచ్చి దక్షిణానికి దిగితే, అల్మేరియాకి 30 కిలోమీటర్ల దూరంలో తబెర్నాస్ ఎడారి. లియోనీ 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965) కోసం కార్లో సిమీ రూపొందించిన ఊరు ఇక్కడ మినీ హాలీవుడ్‌గా నిలిచి ఉంది. బ్యాంకు, సెలూన్, ఉరికంబం అన్నీ ఉంటాయి. కొద్ది దూరంలో ఫోర్ట్ బ్రావో. రెండుచోట్లా కౌబాయ్‌లు గుర్రాలమీద దూసుకొచ్చి కాల్చుకుంటారు, పైనుంచి దబ్బున పడతారు, లేచి పిల్లలతో ఫొటోలు దిగుతారు. వేసవి ఎండ మన రెంటచింతలని గుర్తుచేస్తుంది కాబట్టి వసంతకాలంలో వెళ్లడం మేలు.

ఈ ఎడారి గాలి మనదాకా వీచింది. కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' కోసం కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టి రాజస్థాన్ ఎడారిలో గుర్రమెక్కారు. ఆరుద్ర కథని తెలుగు నేలకి తెచ్చారు. అప్పట్లో హాల్లో ఈలలు వేసినవాళ్లెవరూ రివాల్వర్ ఏ ఏడాదిదని అడగలేదు!

ఫోర్ట్ బ్రావోలో పేలేది ఉత్తుత్తి తూటా. మందు ఉంటుంది, గుండు ఉండదు. అది పట్టే తుపాకీలో మాత్రం చాలాసార్లు అసలు తూటా కూడా పడుతుంది. లియోనీ కథ నడిచిన న్యూమెక్సికోలోనే, శాంటాఫే దగ్గరి బొనాంజా క్రీక్ రాంచ్‌లో 2021 అక్టోబరు 21న 'రస్ట్' అనే కౌబాయ్ సినిమా రిహార్సల్ జరుగుతోంది. నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలోని రివాల్వర్ పేలింది. లోపల ఉన్నది అసలు తూటా. 42 ఏళ్ల ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది, దర్శకుడు గాయపడ్డాడు. ఆయుధాల బాధ్యత చూసిన యువతికి 2024లో 18 నెలల జైలుశిక్ష పడింది. బాల్డ్విన్ మీద కేసుని కోర్టు అదే ఏడాది కొట్టేసింది. ఆ రివాల్వర్ పాత కోల్ట్‌కి నకలు. తయారైంది బ్రెషా ప్రాంతంలోనే.

ఆగిపోయిన ఆ సినిమాని 2023లో మోంటానాలో పూర్తిచేశారు. 2025లో విడుదలైంది. మోంటానా షూటింగ్‌లో పేలే తుపాకీగానీ, ఏ రకం తూటాగానీ వాడబోమని నిర్మాతలు ముందే ప్రకటించారు.