ఎడ్జ్ కేస్ అంటే మన గేరే

(చదువు – కొలువు – కులం: 11వ భాగం)



పోయిన భాగం చదివినాక ఇన్‌బాక్స్‌లో ఎక్కువమంది అడిగింది ఒకే సంగతి. ఒక చెల్లి రాసిన మాటలే ఇక్కడ పెడతాను. "అన్నా, కర్నూల్లో బీటెక్ చేసినా. ఇప్పుడు అమీర్‌పేటలో కోచింగ్‌లో ఉండా. కోడింగ్ ఎందుకులే, టెస్టింగ్ తీసుకో, నీకు అది చాలు అంటాండారు. టెస్టింగ్ అంటే తక్కువ పనా? గవర్నమెంట్లో టెస్టర్ పోస్టులు ఉంటాయా?"

"నీకు అది చాలు" అనే మాట దగ్గర నాకు చూపు ఆగిపోయింది. మన తాతలకు జీతగాడితనం చాలన్నారు. మన నాయనలకు అటెండర్ పోస్టు చాలన్నారు. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చున్నాక కూడా ఆ మాట మారలేదు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక నిచ్చెన కట్టి పెట్టినారు. పైన ఆర్కిటెక్టు, కింద డెవలపరు, ఇంకా కింద టెస్టరు, అందరి కంటే కింద ఫోన్లెత్తే సపోర్టు వాళ్లు. రాసేవాడు పెద్ద, రాసినదాంట్లో మురికి తీసేవాడు చిన్న. ఈ లెక్క మనకు కొత్తది కాదు.

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ దగ్గర ఈ లెక్క తిరగబడాలని నేనంటాను. ఎందుకో చెప్తా. ముందు పోస్టుల సంగతి.

గ్రూప్ 2 నోటిఫికేషన్ వచ్చినట్టు "టెస్టర్ పోస్టులు" అని మన రాష్ట్రంలో నోటిఫికేషన్ రావడం మీరు చూసి ఉండరు. కేంద్రంలో ఎన్‌ఐసీ ఉంది, 1976 నుంచి. ప్రతి కలెక్టరేట్‌లో దానికొక జిల్లా ఆఫీసు ఉంటుంది. అందులో సైంటిఫిక్/టెక్నికల్ అసిస్టెంట్ 'ఎ'కి పే లెవెల్ 6, సైంటిస్ట్ 'బి'కి లెవెల్ 10, అక్కడినుంచి 'జి' దాకా మెట్లు. టెస్టింగ్ అక్కడ పనిగా ఉంది, పోస్టు పేరుగా లేదు. కేంద్ర ఐటీ శాఖ కిందనే ఎస్‌టీక్యూసీ అనే సంస్థ ఉంది. పరీక్షించడం, సర్టిఫికెట్ ఇవ్వడమే దాని పని. ప్రభుత్వ వెబ్‌సైట్లకు, ఆధార్ వేలిముద్ర మిషన్లకు సర్టిఫికెట్ ఇచ్చేది అదే. ఎన్‌ఐసీ భర్తీలు నీలిట్ ద్వారా జరిగినాయి. ఆ నోటిఫికేషన్ల మీద కన్నేసి పెట్టండి. నేరుగా జరిగే ఆ భర్తీలో మన రోస్టర్ ఉంటుంది.

రాష్ట్రంలో మనం రోజూ వాడే యాప్‌లలో చాలావాటి కథ వేరు. టెండర్ పిలుస్తారు, ఒక కంపెనీకి పోతుంది, అది ఇంకో కంపెనీకి ఇస్తుంది. టెస్టరు ఆ కంపెనీ మనిషి. జీతం, తీసివేత అన్నీ వాళ్ల చేతిలో. యాప్ ప్రజలది, డబ్బు ప్రజలది, పోస్టు మాత్రం ప్రైవేటుది. రాజ్యాంగంలోని 16(4) అధికరణ టెండర్ గేటు దగ్గరే ఆగిపోతుంది.

మరి నిజంగా పరీక్షించేది ఎవరు? 2019 అక్టోబర్ 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనాయి, 15 వేల పైచిలుకు. ప్రతి గ్రామ సచివాలయంలో ఒక డిజిటల్ అసిస్టెంట్ పోస్టు. ప్రొబేషన్‌లో 15 వేల జీతంతో మన పిల్లలు చాలామంది చేరినారు. కొత్త యాప్ వస్తే దాన్ని మొదటిసారి అసలు మనిషి మీద నడిపేది వీళ్లే. తప్పు దొరికితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. పైనుంచి "నోటెడ్" అని వస్తుంది. జనం తిట్లు మాత్రం కౌంటర్ దగ్గరే పడతాయి. టెస్టర్ పని చేస్తారు, టెస్టర్ పేరు లేదు. పై మెట్టు ఏదంటే చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

టెస్టింగ్ పాఠాల్లో "ఎడ్జ్ కేస్" అనే మాట వస్తుంది. ఎడ్జ్ అంటే అంచు. మామూలుగా జరగనిది, ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరికి జరిగేది. టైము లేకపోతే తర్వాత చూద్దామని పక్కన పెట్టేది. ఊళ్లో అంచున ఎవరుంటారు? మాల గేరి, మాదిగ గేరి. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్నవాడికి ఎడ్జ్ కేస్ అనిపించేది మన గేరిలో దినామూ జరిగేదే.

బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో, ఎర్రగుంట్ల దగ్గర కడప బండల గనుల్లో పని చేసినవాళ్ల వేళ్లు చూసినారా? గీతలు ఉండవు. పత్తి తీసే చేతులూ అంతే. రాష్ట్రంలో రేషన్ షాపులకు వేలిముద్ర మిషన్లు 2015లో వచ్చినాయి. మా పక్కూరి పెద్దమ్మ ఒకామె వేలు తుడిచి పెట్టి, తుడిచి పెట్టి విసిగిపోయి, "నా యేళ్లు నావి కావంటాది ఈ మిషను" అన్నింది. మిషనుకు ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉంది. ఆ చేతికి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

దీన్ని చిన్న ఇబ్బంది అనుకోవద్దు. 2017 సెప్టెంబరులో జార్ఖండ్ సిమ్డేగా జిల్లాలో సంతోషి కుమారి అనే 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆధార్ లింకు కాలేదని కార్డు తీసేసినారు, నెలల తరబడి బియ్యం రాలేదు, అన్నం అడుగుతూనే పోయింది అని తల్లి చెప్పింది. ప్రభుత్వం మలేరియా అన్నింది.

చెల్లి అడిగిన మెట్లు, నైపుణ్యాలు ఇప్పుడు మన ఊరి లెక్కలో చెప్తాను.

మొదటి మెట్టు. ఎవరో రాసిచ్చిన టెస్ట్ కేసులు నడిపి తప్పు పట్టుకోవడం. "యాప్ పని చేయడం లేదు సార్" అనేది రిపోర్టు కాదు. ఏ ఫోను, ఏ వెర్షను, ఎన్ని గంటలకు, ఏం నొక్కితే ఏం రావాలి, ఏం వచ్చింది అని రాస్తే రిపోర్టు. అది చదివి ఇంకొకరు అదే తప్పును మళ్లీ రప్పించగలగాలి.

రెండో మెట్టు. టెస్ట్ కేసులు తానే రాయడం. దీనికి జీవో చదవడం రావాలి. వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు. డప్పు కళాకారులకు 50. చర్మకారులకు 40. పుస్తకంలో దీన్ని బౌండరీ వాల్యూ అంటారు. 39 ఏళ్ల 11 నెలల చర్మకారుడిని పెట్టి చూడు, సరిగ్గా 40 నిండినవాడిని పెట్టి చూడు. పుట్టిన తేదీ తెలియక ఆధార్‌లో అందరికీ జనవరి 1 వేసిన గేరిని పెట్టి చూడు. ఎల్లమ్మ పేరు ఇంగ్లీషులో ఆధార్‌లో 'వై'తో, జాబ్ కార్డులో 'ఇ'తో, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక పడి ఉంటే యాప్ ఏమంటుందో చూడు.

మూడో మెట్టు. తెర వెనక్కి పోవడం. ఎస్‌క్యూఎల్‌తో డేటాబేస్ అడగడం, పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐలు పరీక్షించడం, 2004లో పుట్టిన సెలీనియం లాంటివాటితో పదే పదే చేసే పరీక్షలను ఆటోమేట్ చేయడం. నెల మొదటి తారీఖు పింఛన్ల పొద్దున రాష్ట్రమంతా ఒక్కసారే మీద పడితే సర్వర్ నిలబడుతుందా అని జేమీటర్‌తో చూడడం. కోసిగి పక్క సిగ్నల్ పోయి వచ్చే చోట పాత ఫోను మీద నడపడం.

నాలుగో మెట్టు. యాప్ వెనకున్న ఆలోచననే ప్రశ్నించడం. ఉపాధి హామీ పనికి హాజరు యాప్ 2021 మేలో తెచ్చి, 2023 జనవరి 1 నుంచి అన్ని పని చోట్లా తప్పనిసరి చేసినారు. రోజుకు రెండు ఫొటోలు, పొద్దున ఒకటి, గంటలు గడిచినాక ఇంకొకటి. మన సీమలో ఎండాకాలం ఉపాధి పనికి తెల్లారకముందే పోతారు, ఎండ ముదరకముందే ఇంటికి వస్తారు. కూలి కట్టేది కొలతల మీద, గంటల మీద కాదు. మరి రెండో ఫొటో కోసం 42 డిగ్రీల ఎండలో గుంత దగ్గర ఎందుకు కూర్చోవాలి? ఇక్కడ కోడ్‌లో తప్పు లేదు. రాసినట్టే పని చేస్తుంది. తప్పు ఆలోచనలో ఉంది. దీన్ని పట్టుకోవాలంటే సెలీనియం చాలదు, పలుగు పట్టిన ఇంటి బుద్ధి కావాలి.

ఐదో మెట్టు. "ఇది ఊళ్లోకి వదలొద్దు" అని చెప్పి ఆపగలిగే అధికారం.

కంపెనీ టెస్టరు మూడో మెట్టు దాకా బాగానే ఎక్కుతాడు. నాలుగో మెట్టుకు గేరి తెలియాలి. ఐదో మెట్టుకు ఉద్యోగ భద్రత ఉండాలి. బిల్లు పాసయ్యేది యాప్ విడుదలైతే కాబట్టి, విడుదల వద్దు అని కంపెనీ మనిషి చెప్పలేడు. ఈ రెండు మెట్లూ ప్రభుత్వ పోస్టులై, రోస్టర్‌తో నిండాల్సింది అందుకే.

బ్రిటన్ ప్రభుత్వం తన డిజిటల్ ఉద్యోగాలన్నిటికీ మెట్లు, నైపుణ్యాలు రాసి బయట పెట్టింది. టెస్టర్లకు కూడా ఉంది. ఒక్కో నైపుణ్యానికి నాలుగు స్థాయిలు: అవగాహన, పని చేయగలగడం, ఆరితేరడం, నిపుణత. కాగితం బాగుంది. ఆ దేశంలోనే హొరైజన్ అనే పోస్టాఫీసు సాఫ్ట్‌వేర్ చేసిన పాపం కూడా మనం చదవాలి. దాని లెక్కల్లో తప్పులుంటే, డబ్బు తిన్నారని 1999 నుంచి 2015 దాకా చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ల మీద కేసులు పెట్టినారు. 900 మందికి పైగా శిక్షలు పడినాయి. చివరికి 2024లో చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేసినారు. మిషను తప్పు చేయదనే నమ్మకం ఉన్నచోట, శిక్ష కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకే పడుతుంది. మన ఫీల్డ్ అసిస్టెంట్లకు, మేట్లకు, డిజిటల్ అసిస్టెంట్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

మనకు బ్రిటన్ కాగితం కంటే దగ్గరి పాఠం ఒకటుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ చట్టం 17వ సెక్షన్ సోషల్ ఆడిట్ హక్కు ఇచ్చింది. దానికోసం మన రాష్ట్రంలో 2009లో ప్రత్యేక సంస్థే పెట్టినారు. కూలోళ్ల ఇళ్లల్లోని చదువుకున్న పిల్లలే మస్టర్ కాగితం పట్టుకుని ఇంటింటికీ పోయి, "నీ పేరు మీద ఇన్ని దినాలు రాసినారు, పోయినావా అవ్వా?" అని అడిగినారు. గ్రామసభలో మైకు పట్టుకుని అందరి ముందు చదివినారు. రాసిందానికీ జరిగిందానికీ తేడా పట్టుకోవడమే కదా టెస్టింగ్ అంటే! మస్టర్ కాగితం ఫోన్లోకి పోయింది. ఆడిట్ కూడా దాని వెంట ఫోన్లోకి పోవాలి.

అందుకే మనం అడగాల్సినవి మూడు. ఒకటి, ప్రతి జిల్లాలో ప్రభుత్వ యాప్‌ల పరీక్షా విభాగం, అందులో మంజూరైన పోస్టులు, రోస్టర్, 16(4ఎ) ప్రకారం ప్రమోషన్లలోనూ రిజర్వేషన్. డిజిటల్ అసిస్టెంట్లకు అదే పై మెట్టు కావాలి. రెండు, బండల కూలీలు, సుగ్గికి వలసపోయే కుటుంబాలు, ఒంటరి ఆడోళ్ల మీద పరీక్షించి, ఫలితాలు బయటపెట్టకుండా ఏ యాప్‌నూ తప్పనిసరి చేయకూడదు. మూడు, యాప్ పని చేయకపోతే కాగితం మీద హాజరు, కాగితం మీద బియ్యం. మిషను ఓడిపోతే మనిషి ఓడిపోకూడదు.

ఈలోపు చదువుకునేవాళ్లు చేయగలిగేది ఉంది. మీ ఊళ్లో నడిచే ఒక యాప్ తీసుకోండి. 20 టెస్ట్ కేసులు రాయండి, గేరి నుంచి మొదలుపెట్టి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి ఆ శాఖను అడగండి: ఈ యాప్‌ను విడుదలకు ముందు ఎవరు పరీక్షించినారు, ఎవరు సంతకం పెట్టినారు, ఆ రిపోర్టు నకలు ఇవ్వండి అని. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఆ ఫీజు కూడా లేదు. ఆ 20 కేసులే రేపు ఇంటర్వ్యూలో మీ చేతిలో ఉండే పని.

చెల్లీ, టెస్టింగ్ తక్కువ పని కాదు. కానీ కోడింగ్ మానేసి అక్కడికి పోవద్దు. కోడింగ్ నేర్చుకునే పో. కోడ్ చదవడం రాని టెస్టర్‌ను రెండో మెట్టు దగ్గరే ఆపేస్తారు. మనల్ని ఆపడానికి వాళ్లకు ఇంకో సాకు మనమే ఎందుకు ఇవ్వాలి?

మీ జిల్లాలో ఏ యాప్ ఎక్కడ ఆగిపోతుందో కింద రాయండి. కూలోళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం పెట్టొద్దు. వచ్చే భాగంలో మీరు రాసిన కేసులతోనే సమాచార హక్కు దరఖాస్తు నమూనా ఇస్తాను.

జై భీమ్.